ఆగి ఆగి నడచిన లారీ

కోనసీమలో వైనతేయ గోదావరి గట్టున పి.గన్నవరమను గ్రామము కలదు. అచటి అక్విడక్టును చూడనివారు ఆ ప్రాంతమున అరుదు. క్రింద నది పారుచుండును. దానిపై కాలువ పారుచుండును. పందొమ్మిదవ శతాబ్ది నడుమ, కాటన్ దొర కాలమున, 49 కమానులతో కట్టిన అక్విడక్టు పాతబడగా, క్రొత్తది నిర్మించి, అన్నదానమునకు పేరుపొందిన డొక్కా సీతమ్మగారి పేరు దానికి పెట్టి 2000వ సంవత్సరమున ప్రారంభించిరి. ఆ కాలువలోని నీరు ఏ యంత్రము సాయమును లేకయే, వాలును బట్టి తనంత తాను సాగిపోవును. లారీలోని డీజిలునకు ఆ సదుపాయము లేదు. ట్యాంకు బండి ప్రక్కన, క్రిందుగా నుండును. ఇంజను దానికంటె ఎత్తున నుండును. డీజిలు పైకి ఎక్కవలెను. అది ఎట్లు ఎక్కునో, ఎక్కక ఏల నిలిచిపోవునో ఈ ఊరి పాత లారీ కథ వలన తెలియగలదు.

ఆ లారీకి యజమానియు, డ్రైవరును ఒక్కడే. అతడు అప్పు చేసి పాత బండిని కొని, గన్నవరము, అంబాజీపేట పరిసరములలో కొబ్బరికాయలను ఎక్కించుకొని దూరపు బజారులకు చేర్చుచు జీవించుచుండెను. ఒక ఏడు వానలు వెనుకబట్టిన తరువాత బండికి వింత జబ్బు పట్టుకొనెను. బయలుదేరునప్పుడు ఏ లోపమును కనబడదు. పదునైదు, ఇరువది కిలోమీటర్లు పోవుసరికి బలము తగ్గును. రెండు మూడు మారులు కుదుపులిచ్చి ఇంజను ఆగిపోవును. అరగంట ఊరకుండి మరల స్టార్టు చేసినచో, ఏమియు జరుగనట్లే కదలును. షెడ్డుకు తెచ్చినప్పుడు మాత్రము ఎంతసేపైనను నిలుకడగా తిరుగుచుండును.

పూర్తిగా చెడిపోయిన యంత్రమును బాగుచేయుట అంత కష్టము కాదు. అప్పుడప్పుడు చెడు యంత్రమే మనుష్యులను తప్పుదారి పట్టించును. ఏ మరమ్మతు చేసినను అది ఒక పూట బాగుగనే నడచును గదా! చేసినవాడు తన మందే పారినదని సంతోషించును. మరునాడు బండి నడిరోడ్డున నిలిచినప్పుడు ఆ సంతోషము తీరిపోవును.

మన యజమాని మొదట ఫిల్టర్లు మార్పించెను. పిదప పట్నమునకు పోయి, ఇంజెక్షను పంపును విప్పించి మరల కట్టించెను. అందులకు రెండు నెలల అప్పు వాయిదాల సొమ్ము చెల్లిపోయెను. డీజిలు పోయించిన దినముననే బండి ఆగుచున్నదని గమనించి, బంకువారు కల్తీ చేయుచున్నారని తలచి మూడు బంకులు మార్చెను. తుదకు అతని అనుమానము క్లీనరు కుర్రవానిపై పడెను. బండి ఆగినప్పుడెల్ల ఆ కుర్రవాడు దిగి, ట్యాంకు మూత తీసి, పుల్లతో డీజిలు కొలిచి, మరల మూత బిగించి వచ్చుచుండెను. వాడు వచ్చిన వెంటనే బండి కదలుచుండెను. “వీడు ట్యాంకులో ఏదియో చేయుచున్నాడు, డీజిలు కూడ దొంగిలించుచున్నాడేమో!” అని యజమాని వానిని నలుగురిలో నిందించి పనినుండి తీసివేసెను. కూలి సొమ్మును కూడ ఇయ్యలేదు.

కుర్రవాడు వెళ్ళినను జబ్బు పోలేదు. ఒకనాటి ఉదయమున నిండు కొబ్బరి లోడుతో వచ్చుచు, బండి అక్విడక్టు దాపున నిలిచిపోయెను. ఇరువైపుల బస్సులును, ఆటోలును బారులు తీరెను. ఎవరో దగ్గరి షెడ్డునుండి ముసలి మేస్త్రీ నొకనిని పిలిచికొని వచ్చిరి. ఆయన పనిముట్ల సంచిని నేలపై పెట్టెనే కాని, దానిని విప్పలేదు.

“అబ్బాయీ, బండి ఠక్కున ఆగినదా, నీరసించి ఆగినదా?” అని అడిగెను.

“నీరసించి ఆగినదండి, మేస్త్రీగారూ.”

ఈ చిన్న ప్రశ్నతోనే సగము దారి తెలిసినది. డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనులోవలె నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. 1897లో జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు నడిపి చూపిన పద్ధతి వేరు. సిలిండరులోని గాలిని పదునైదు, ఇరువది వంతులు తగ్గునట్లు అదిమినచో, అది అయిదువందల డిగ్రీలకు పైగా వేడెక్కును. ఆ వేడి గాలిలో డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే అది తనంత తాను అంటుకొనును. కావున పాత లారీ ఇంజనుకు గాలి, డీజిలు అందుచున్నంత కాలము వేరొక ఆధారముతో పనిలేదు. ఏ మీటయో జారి డీజిలు ఒక్కసారిగా తెగినచో ఇంజను ఠక్కున ఆగును. డీజిలు కొద్దికొద్దిగా తగ్గినచో నీరసించి ఆగును. ఈ బండికి ఆకలి పట్టుచున్నది. ఎచటనో తిండి అడ్డగింపబడుచున్నది.

“ఎప్పుడెప్పుడు ఆగును?”

“ట్యాంకు నిండుగా పోయించిన దినముననే ఆగునండి. సగమైన తరువాత ఎంత దూరము పోయినను ఆగదు. అందుచేతనే కల్తీ యనుకొంటిని.”

“కల్తీ డీజిలు సగమయ్యేసరికి మంచిదగునా, అబ్బాయీ?”

యజమాని బదులు చెప్పలేకపోయెను. ఫిల్టరు మూసికొనినచో బరువెక్కినప్పుడెల్ల బలము తగ్గును. ట్యాంకు నిండుటతో దానికి సంబంధము లేదు. పైపు బిగింపులో పగులుండి గాలి చొరబడినచో, పంపు పై మర విప్పి చేతిమీటతో కొట్టగానే డీజిలుతోపాటు బుడగలు వచ్చును. ఆ గాలిని తీయువరకు ఇంజను సరిగా నడువదు. ట్యాంకు అడుగున చెత్త చేరి పీల్చు పైపునకు అడ్డుపడుటయు కలదు. బండి ఆగగానే అది విడిపోవును గనుక, ఆ జబ్బు దీనినే పోలియుండును. కాని డీజిలు తగ్గినకొలది ఆ బాధ హెచ్చవలెనే కాని తగ్గరాదు.

“ఆగిన తరువాత ఎంతసేపటికి కదలును?”

“ఇప్పుడు అరగంట పట్టుచున్నదండి. కుర్రవాడున్న దినములలో అయిదు నిమిషములలో కదలెడిది.”

“కుర్రవాడేమి చేసెడివాడు?”

“మూత తీసి డీజిలు కొలిచెడివాడండి.”

మేస్త్రీ మాటాడక ట్యాంకు దగ్గరకు పోయి, మూతను మెల్లగా త్రిప్పెను. ‘స్స్’ మని గాలి లోపలికి పోవు చప్పుడు వినబడెను. “ఇప్పుడు స్టార్టు చేయుము” అనెను. నాలుగు తిప్పులకే ఇంజను అందుకొనెను.

యజమానికి ఇంకను బోధపడలేదు. మేస్త్రీ లోడులోనుండి ఒక కొబ్బరికాయను తెప్పించి, దాని కన్నులలో ఒకదానిని సన్నని మేకుతో పొడిచి తలక్రిందు చేసెను. నాలుగు చుక్కలు కారి నీరు నిలిచిపోయెను. రెండవ కంటిని కూడ బలముగా పొడువగా నీరు ధారగా కారెను. కోనసీమ బాలలందరును ఎరిగిన సంగతియే ఇది. నీరు బయటికి రావలెనన్న ఆ చోటు నింపుటకు గాలి లోపలికి పోవలెను. ట్యాంకు విషయము కూడ అంతియే. పంపు డీజిలును పీల్చుచున్నదని మనమందుము. నిజమునకు ట్యాంకులోని గాలి ఒత్తిడియే డీజిలును పైపులోనికి నెట్టుచున్నది. అందుకే ట్యాంకు మూతకు సన్నని రంధ్రమో, గాలి గొట్టమో ఉంచుదురు.

నిండు ట్యాంకుతోనే ఏల ఆగవలెను? 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమమును బట్టి లెక్కవేయుదము. 160 లీటర్ల ట్యాంకులో మూత దాక పోయించినప్పుడు 4 లీటర్ల గాలి మిగిలినదనుకొనుడు. గాలి చొరకున్నచో, 4 లీటర్ల డీజిలు ఖర్చగునప్పటికి ఆ గాలియే 8 లీటర్ల చోటును ఆక్రమించును; ఒత్తిడి సగమగును. లీటరుకు నాలుగైదు కిలోమీటర్ల చొప్పున అది పదునారు మొదలు ఇరువది కిలోమీటర్ల ప్రయాణము. ట్యాంకు సగము ఖాళీయై 80 లీటర్ల గాలి ఉన్నప్పుడు, అదే 4 లీటర్లు ఖర్చైనచో గాలి 84 లీటర్ల చోటులో వ్యాపించును. ఒత్తిడి నూటికి అయిదు పాళ్ళయినను తగ్గదు. ఈలోపున మర సందులనుండి కొద్దికొద్దిగా గాలి చేరుచునే ఉండును. అరగంట ఆగినచో బండి కదలుటకును ఆ సందులే కారణము. షెడ్డులో ఊరక తిరుగు ఇంజను త్రాగు డీజిలు స్వల్పము గనుక, అచట జబ్బు బయటపడలేదు.

“ఈ మూత బండితో వచ్చినదేనా?” అని మేస్త్రీ అడిగెను.

యజమాని తల వంచుకొనెను. వానలలో ట్యాంకులోనికి నీరు దిగుచున్నదని, పాత మూతను పారవేసి, రంధ్రము లేని క్రొత్త మూత కొని, దాని క్రింద ట్యూబు రబ్బరుతో వాషరు కోసి బిగించినది తానే. జాగ్రత్త కొరకు చేసిన పనియే అది!

ఇంతటితో మేస్త్రీ తృప్తిపడలేదు. నాకు ఆయన చేసిన పనులలో మిక్కిలి నచ్చినది ఇదియే. మధ్యాహ్నము ట్యాంకు నింపించి, ఆ మూతనే గట్టిగా బిగింపించి, తాను ప్రక్కన కూర్చుండి బండిని నడిపించెను. పదునెనిమిదవ కిలోమీటరు దగ్గర అది ఆగెను. అప్పుడు మూతకు సన్నని రంధ్రము తొలిచి, మరల ట్యాంకు నింపించి, అదే దారిని నడిపించెను. బండి ఆగలేదు. తరువాత, వాన నీరు దిగకుండ ఆ రంధ్రముపై క్రిందికి వంగిన చిన్న గొట్టమును అతికించెను.

ఆ సాయంకాలము యజమాని నదికి ఆవలనున్న కుర్రవాని ఇంటికి పోయి, వానికి రావలసిన కూలి సొమ్మును వాని తల్లి చేతిలో పెట్టెను. జరిగినదంతయు చెప్పి, రేపటినుండి పనికి రమ్మని అడిగెను. కుర్రవాడు కొంతసేపు పలుకలేదు.

“మూత తీసినప్పుడెల్ల ఏదో బుస వినబడెడిదండి. మీతో చెప్పవలెనని రెండు మారులు వచ్చితిని. మీరు కోపముగా నుంటిరి” అనెను.

మరునాటి లోడు అంబాజీపేటలో ఎక్కింపవలసియుండెను. తెల్లవారుజామున లారీ నదిని దాటి వచ్చునప్పటికి, డీజిలు కొలుచు పుల్ల చేతబట్టుకొని కుర్రవాడు రోడ్డు ప్రక్కన నిలిచియుండెను.