జీవకణములోని మీట



చీకటి పడగనే మీట నొక్కి దీపమును వెలిగింతుము. పని తీరిన పిదప నార్పుదుము. వెలిగించుట యెంత యవసరమో యార్పుటయు నంత యవసరమే. మన దేహమందలి జీవకణములలోను నిట్టి మీటలు గలవు. వానికి జీ-ప్రోటీనులని పేరు. వీనిని కనుగొని, వీని పనిని తెలిపినందులకు ఆల్‌ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్ అను నమెరికా శాస్త్రజ్ఞులకు 1994వ సంవత్సరమున నోబెల్ బహుమాన మొసంగబడెను.

జీవకణమును చుట్టియున్న పొరలో గ్రాహకములు గలవు. ఇవి వెలుపలి సందేశములను గ్రహించును. పొర లోపలి వైపున జీ-ప్రోటీను అంటియుండును. దానికి ఆల్ఫా, బీటా, గామా యని మూడు భాగములు. విశ్రమించునపుడు ఆల్ఫా భాగము జీడీపీ యను చిన్న యణువును పట్టుకొనియుండును. అడ్రినలిన్ వంటి హార్మోను గ్రాహకమును చేరినంతనే జీడీపీ జారిపోయి, దాని చోట జీటీపీ వచ్చి కూర్చుండును. మీట నొక్కబడినదన్నమాట! అంతట ఆల్ఫా భాగము తక్కిన రెంటిని వీడి, యొక ఎంజైమును మేల్కొలుపును. ఆ ఎంజైము చక్రీయ ఏఎంపీ యను దూతలను విరివిగా పుట్టించును. మనము భయపడినపుడు గుండె వేగముగా కొట్టుకొనుట యీ దూతల పనియే.

మరి మీట నార్పువా రెవరు? ఆల్ఫా భాగమే. అది జీటీపీనుండి యొక ఫాస్ఫేటును విడగొట్టి జీడీపీగా మార్చి, తన జతలను మరల చేరును.

ఆర్పుట తప్పినచో నేమగునో కలరా చూపుచున్నది. ఈ వ్యాధికి మూలము కలరా క్రిమి విడుచు విషమని 1959లో కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే కుందేళ్లపై పరీక్షించి తెలిపెను. ఆ విషము ప్రేగు కణములలోని ఆల్ఫా భాగమునకు చిన్న యణుఖండము నంటించి, దాని యార్పు శక్తిని హరించును. దూతలు మితిమీరి పెరుగును. లవణములును, వాని వెంట నీరును ప్రేగులోనికి ధారగా కారిపోవును. కొన్ని గంటలలోనే ప్రాణము పోవచ్చును.

అయినను ఉప్పును గ్లూకోజును జతగా లోనికి గైకొను వేరొక ద్వారము ప్రేగులో చెడక నిలిచియుండును. ఆ జత వెంట నీరును లోనికి పోవును. 1971లో బంగ్లాదేశమునుండి వచ్చిన కాందిశీకులకు బనగాం శిబిరమున దిలీప్ మహలనవీస్ అను వైద్యు డిట్టి ద్రావణమునే త్రాగించి, యనేకుల ప్రాణములు కాపాడెను.

తల్లిదండ్రులారా! బిడ్డకు విరేచనములైనపుడు నీరు మాన్పింపకుడు. ఓ.ఆర్.ఎస్. పొడిని పొట్లముపై జెప్పిన కొలత చొప్పున, కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా త్రాగించుచు వైద్యుని యొద్దకు గొనిపొండు. వ్యాధి తగ్గువరకు బిడ్డను నిలుపున దా నీరే.