మోకాలి స్నాయుబంధ శస్త్రచికిత్స – అనంతర వ్యాయామం

మోకాలిని సుశ్రుతాచార్యులు మర్మస్థానాలలో ఒకటిగా పరిగణించి ‘జాను మర్మం’ అన్నారు. అక్కడ గాయమైతే నడకలో కుంటితనం వస్తుందనీ చెప్పారు. కబడ్డీ ఆడుతూ హఠాత్తుగా దిశ మార్చినప్పుడు మోకాలు మెలిపడి, కీలు మధ్యనుండే ఏ.సి.ఎల్. అనే లిగమెంటు తెగడం కద్దు. దాని స్థానంలో శస్త్రవైద్యులు సాధారణంగా రోగి తొడ వెనుక నుండి గాని, మోకాలిచిప్ప క్రింద నుండి గాని తీసిన పట్టీ వంటి తంతువును అమరుస్తారు.

ఇక్కడ ఇంటివారు తప్పక గ్రహించవలసిన విషయం ఒకటున్నది. అమర్చిన పట్టీకి మొదట రక్తప్రసారం ఉండదు. శరీరం క్రమంగా దానిలోనికి రక్తనాళాలను పంపి, పాత తంతువులను తొలగించి కొత్తవి అల్లుకుంటుంది. ఈ మార్పు జరిగే సుమారు 6 నుండి 12 వారాల నడుమ పట్టీ మిక్కిలి దుర్బలంగా ఉంటుంది. చిత్రమేమంటే, సరిగ్గా అప్పటికే వాపు తగ్గి, నొప్పి పోయి, రోగి మామూలుగా నడుస్తుంటాడు. ‘నయమైపోయింది’ అని మెట్లు పరుగున దిగేదీ అప్పుడే!

మొదటి రెండు వారాలలో కాలిని పూర్తిగా చాపగలగడమే ప్రధానం. సుఖంగా ఉంటుందని మోకాలి క్రింద దిండు పెట్టడం పెద్దలు ప్రేమతో చేసే పని, అది మానాలి. వంగిన కీలు అలాగే బిగిసిపోతే కుంటు మిగలవచ్చు. దిండును మడమ క్రింద పెట్టి, మోకాలిని దానంతటదే క్రిందికి దిగనివ్వాలి. వెల్లకిలా పడుకొని తొడ ముందు కండరాన్ని బిగించి, మోకాలి వెనుక భాగాన్ని పరుపుకు అదిమి, 5 అంకెలు లెక్కించి వదలాలి. ఇట్లు 10 సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. ఆపరేషను తరువాత ఆ కండరం ఎంత త్వరగా సన్నబడుతుందో చూచినవారు దీనిని చులకన చేయరు. మడమను జార్చుతూ మోకాలిని వంచడం, కాలు ఎత్తడం, సైకిలు తొక్కడం ఫిజియోథెరపిస్టు చెప్పిన క్రమంలో వస్తాయి. కీలులోని మృదులాస్థికి కూడా కుట్లు వేసి ఉంటే ఆ క్రమం మారుతుంది. కనుక పొరుగువారి కాగితం చూచి చేయరాదు.

తైలమర్దనం గురించి చాలామంది అడుగుతారు. గాయం పూర్తిగా మానేవరకు దానిపై ఏ తైలమూ, ఏ పట్టూ వేయరాదు. వాపు, వేడి ఉన్న రోజులలో కాపడం వద్దు. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను 15 నిమిషాలు ఉంచడం మేలు. పిక్క ఉబ్బి నొప్పిగా ఉంటే ఎంతమాత్రం మర్దించకూడదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వైద్యులు అనుమతించాక గోరువెచ్చని నువ్వులనూనెతో చేసే అభ్యంగం హాయినిస్తుంది గాని, వ్యాయామానికి బదులు కాదు. గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేయడం కొన్ని నెలలు మానాలి. మరుగుదొడ్డిలో కుర్చీ ఏర్పాటు ముందే చేసుకోవడం మంచిది.

వాగ్భటాచార్యులు వ్యాయామాన్ని అర్ధశక్తి మేరకే చేయమన్నారు. మరునాడు ఉదయం మోకాలు వాచి ఉంటే, నిన్నటి వ్యాయామం ఆ హద్దు దాటినట్లే.

ఇక ఆటల సంగతి. 2016లో వెలువడిన నార్వే, అమెరికా పరిశోధకుల అధ్యయనంలో, 9వ నెల వరకు ఆలస్యం చేసిన ప్రతి నెలకూ తిరిగి గాయపడే అవకాశం సుమారు సగం తగ్గినట్లు తేలింది. ఆ గడువు నిండినా, ఆపరేషను జరిగిన కాలి తొడబలం రెండవ కాలి బలంలో 90 శాతానికైనా చేరనిదే కబడ్డీ బరిలో దిగరాదు.