చివరి ఊరి మూట ముందు

ఒక గృహస్థు మందుల పొట్లమును తపాలా కార్యాలయమున ఇచ్చి, రసీదు పుచ్చుకొని, తన పని ముగిసినదని తలచును. కాని ఆ పొట్లము పని అప్పుడే ఆరంభమగును. అది ఎన్ని చేతులు మారవలెనో, ఎన్ని బండ్లు ఎక్కవలెనో మనలో పెక్కుమంది ఎరుగరు. ఆ చేతులలో ఏ ఒక్కటి పొరపడినను, రేపు చేరవలసిన మందు ఎల్లుండియో, ఆ మరునాడో చేరును. రోగి మాత్రము అంతవరకు వేచియుండవలసినదే. కావున మూటలను వేరుపరచుట, బండికి ఎత్తుట అను పనులు చిన్నవిగా కనబడినను, వానికి గొప్ప వివేకము కావలెను.

కృష్ణా డెల్టాలోని తెనాలి ఒక రైలు కూడలి. విజయవాడ నుండి చెన్నైకి పోవు పెద్ద లైను తెనాలి దాటి, నిడుబ్రోలు మీదుగా బాపట్ల చేరును. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు పోవు శాఖ తెనాలిలోనే చీలును. ఆ శాఖ రేపల్లెతో ముగియును. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు బాపట్ల, రేపల్లె రెండును అందు చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. ఇప్పుడు తెనాలిలో ఒకడు జిల్లా పేరు మాత్రమే చూచి, రేపల్లె మూటను బాపట్ల సంచిలో వేసి రైలెక్కించెననుకొందము. తెనాలి నుండి రేపల్లెకు సుమారు 34 కిలోమీటర్లు. ఆ మూట సుమారు 43 కిలోమీటర్లు పోయి బాపట్ల చేరి, మరల అంత దూరమును వెనుకకు వచ్చి, ఆపైన రేపల్లె దారి పట్టవలెను. 34 కిలోమీటర్ల ప్రయాణము 120 కిలోమీటర్లు అయినది! మూటలు వేరుపరచువాడు అన్నిటికంటె ముందు చూడవలసినది దారి. ఇది మొదటి సూత్రము.

ఈ సంగతి మనవారు ఏనాడో గుర్తించిరి. 1863లోనే అలహాబాదు, కాన్పూరు నగరముల మధ్య, పరుగిడుచున్న రైలులోనే ఉత్తరములను వేరుపరచు ఏర్పాటు జరిగినది. ప్రయాణకాలమే పనికాలమైనది. కాని ఊళ్ల పేర్లతో ఒక చిక్కు ఉండెను. ఒకే పేరుగల పల్లెలు దేశమున అనేకములు. చిరునామాలు పలు భాషలలో, పలు లిపులలో ఉండును. ఈ చిక్కు తీర్చుటకై 1972 ఆగస్టు 15వ తేదీన పిన్ కోడు ప్రవేశపెట్టబడినది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖకు సంబంధించిన ఉన్నతాధికారి; సంస్కృత కవి కూడ.

తెనాలి పిన్ కోడు 522201, బాపట్లది 522101, రేపల్లెది 522265. మొదటి అంకె 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రములున్న ప్రాంతమును తెలుపును. మొదటి మూడంకెలు 522 గుంటూరు ప్రాంతమును, చివరి మూడంకెలు మూటను బట్వాడా చేయు కార్యాలయమును తెలుపును. ఢిల్లీలోని ఉద్యోగికి రేపల్లె ఎచటనున్నదో తెలియనక్కరలేదు. మొదటి అంకెలు చూచి ఇటు పంపిన చాలును. చివరి అంకెల పని దగ్గరివారు చూచుకొందురు. ఇట్లు పెద్ద పనిని మెట్లు మెట్లుగా విభజించుకొనుట రెండవ సూత్రము.

ఇక బండికి ఎత్తు విధము చూతము. తెనాలి నుండి ఒక లారీ వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె వరుసగా పోవుచున్నది. ఒక్కొక్క ఊరికి 20 చొప్పున 60 పెట్టెలు కలవు. తొందరపాటున వేమూరు పెట్టెలను ముందు ఎక్కించి, రేపల్లెవి తలుపు దగ్గర పెట్టినారనుకొందము. వేమూరులో 40 పెట్టెలు దింపినగాని ఆ ఊరివి చేతికి రావు. పిదప ఆ 40 మరల ఎక్కించవలెను. వెనుకటి క్రమముననే ఎక్కించినచో, భట్టిప్రోలులో మరి 20 దింపి, 20 ఎక్కించవలెను. మొత్తము 120 ఎత్తుడులు వ్యర్థము. వేమూరులోనే తెలివి తెచ్చుకొని క్రమము మార్చినను 80 తప్పవు. పెట్టె ఒక్కింటికి 10 కిలోలైనచో, 120 ఎత్తుడులకు 1,200 కిలోల బరువు! అది మోసినది కాగితము మీది లెక్క కాదు, హమాలీల నడుము. అందుచేత చివరి ఊరి మూట ముందు ఎక్కవలెను. మొదటి ఊరి మూట తలుపు దగ్గర నిలువవలెను. ఇది మూడవ సూత్రము.

అయితే మొదటి ఊరి పెట్టెలు బరువైనవైనచో ఏమి చేయవలెను? లారీని లోపలి గోడనుండి తలుపు వరకు ఊరికొక భాగముగా విభజించి, ప్రతి భాగమునందును బరువైనవి అడుగున, తేలికవి పైన పేర్చవలెను. ఊరగాయ జాడీపై ఇనుప సామాను పెట్టరాదు. కుడి యెడమల బరువు సమముగా నుండవలెను. బరువంతయు వెనుకనే చేరినచో ముందు చక్రములకు పట్టు తగ్గి బండి నడపుట ప్రమాదకరమగును. చిరునామా గల వైపు కంటికి కనబడునట్లు ఉంచవలెను.

బాలలారా! వేగమనగా పరుగెత్తుట అని కొందరి భ్రమ. ఎక్కించునప్పుడు కొన్ని నిమిషములు ఆలోచించినవాడు దారిలో గంటలు మిగుల్చుకొనును. ఈ పనిలో మీకును భాగము కలదు. చిరునామా వ్రాయువాడే మూటను మొదట వేరుపరచువాడు. పేరు, వీధి, ఊరు, పిన్ కోడు స్పష్టముగా వ్రాయుడు. 522101కి బదులు 522201 అని వ్రాసినచో, ఒక్క అంకె వలన బాపట్ల మూట తెనాలిలో దిగును. మీరు శ్రద్ధగా వ్రాసిన ఆరంకెలు ఎందరికో శ్రమ తగ్గించి, రోగికి మందును సకాలమున చేర్చును.

ప్రశ్నలు

1. రేపల్లె మూటను బాపట్ల సంచిలో వేసినచో కలుగు నష్టమేమి?
2. పై లారీలో ఊరికి 30 పెట్టెలైనచో, క్రమము తప్పి ఎక్కించుటవలన ఎన్ని ఎత్తుడులు వ్యర్థమగును?
3. మీ ఊరి పిన్ కోడులోని అంకెలు ఏమి తెలుపునో వ్రాయుడు.