ఇల్లు ఎక్కడికీ పోదు, నిదానంగా వెళ్లండి

హ్యూస్టన్,
11 అక్టోబర్ 2024

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి,



నిన్న రాత్రి అట్లాంటా నుంచి ఫోన్‌లో నువ్వు అడిగింది ఒకటే మాట: "గాలివాన దాటిపోయిందిగా, రేపు ఇంటికి వెళ్లిపోవచ్చా?" వద్దన్నాను. నీకు నచ్చలేదని గొంతులోనే తెలిసింది. ఎందుకు వద్దన్నానో, మరి ఎప్పుడు, ఎలా వెళ్లాలో వివరంగా చెబుదామంటే నీ వెనకాల పాప ఏడుపు. అందుకే రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

మిల్టన్ హరికేన్ 9వ తేదీ రాత్రి ఫ్లోరిడాలో సియెస్టా కీ దగ్గర మూడో కేటగిరీ బలంతో తీరం దాటింది. దాని కన్ను మీ రివర్‌వ్యూకి దక్షిణంగా పోవడంతో టాంపా బేలోకి రావలసిన ఉప్పెన రాలేదు. గాలి ఎదురు తిరిగి బేలోని నీళ్లనే సముద్రంలోకి లాగింది. అక్కడిదాకా అదృష్టమే. కానీ పక్కనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు మించి వాన పడింది. ఫ్లోరిడాలో ముప్ఫై లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. మీ రివర్‌వ్యూ పక్కన అలఫియా నది ఉంది కదా, వాన వెలిసిందని నది ఊరుకోదు. పైనెక్కడో పడ్డ నీళ్లన్నీ దిగి రావడానికి రోజులు పడుతుంది. మీ పక్కింటాయన పంపిన ఫొటోలో గ్యారేజీ గోడ మీద తడి గీత నిన్నటిది. రేపటిది ఎంత ఎత్తులో ఉంటుందో ఆయనకూ తెలీదు. కాబట్టి కౌంటీ వాళ్లు మీ జోన్‌కి తిరిగి రావచ్చని చెప్పేదాకా అట్లాంటా నుంచి కదలకండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో "మేం వచ్చేశాం, అంతా ఓకే" అని పెడితే అది వాళ్ల వీధి సంగతి.

నేను ఈ ఊళ్లో రీటా, ఐక్, హార్వీ, మొన్న జులైలో బెరిల్ హరికేన్లు చూశాను. వాటన్నిటిలోనూ గమనించింది ఒకటుంది. గాలి వీచేటప్పుడు జనం భయంతో జాగ్రత్తగా ఉంటారు. ఎండ రాగానే భయం పోతుంది, దాంతో జాగ్రత్తా పోతుంది. 2020 ఆగస్టులో లారా లూసియానాను కొట్టినప్పుడు మొదటి వారంలో లెక్కతేలిన మరణాల్లో దాదాపు సగం జనరేటర్ పొగ వల్లే. గాలినీ నీటినీ తట్టుకున్నవాళ్లు, కరెంటు లేని రాత్రి ఫ్యాన్ తిప్పుకుందామని జనరేటర్ పెట్టుకుని నిద్రలో పోయారు. అందుకే తిరుగు ప్రయాణం గురించి ఇంత గోల చేస్తున్నాను.

ముందు ఎవరు వెళ్లాలో తేల్చుకోండి. మొదటి విడత మీ ఇద్దరే వెళ్లండి. పాపని, అత్తగారిని, మామగారిని అట్లాంటాలోనే ఉంచండి. రేపు విజయదశమి, పండగపూట సొంతింట్లో దీపం పెట్టకపోతే ఎలా అని అత్తగారు అంటున్నారట. అట్లాంటాలో పెట్టిన దీపం అమ్మవారికి కనిపిస్తుందని పెదనాన్న చెప్పాడని చెప్పు. మామగారికి బీపీ, షుగరు. ఏసీ లేని ఫ్లోరిడా ఇంట్లో ఆ ఉక్క ఆయన వల్ల కాదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఆసుపత్రి పాలైతే ఆ ఖర్చు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మామూలు రోజుల్లో అట్లాంటా నుంచి ఏడు గంటల దారి. ఇప్పుడు ఐ-75 మీద అందరూ ఒకేసారి దిగుతారు. తెల్లవారకముందే బయల్దేరండి, వెలుగుండగానే ఇల్లు చేరాలి. చీకట్లో తెగిన తీగా కనిపించదు, పామూ కనిపించదు. టాంపా చుట్టుపక్కల బంకులు చాలావరకు ఖాళీ అని వింటున్నాను కాబట్టి జార్జియా దాటకముందే వాల్డోస్టాలో ట్యాంకు నింపుకోండి. తాగే నీళ్లు, మందులు, నగదు కారులోనే ఉండాలి. ఆ ఇంటి అడ్రస్ ఉన్న డ్రైవింగ్ లైసెన్సో కరెంటు బిల్లో చేతిలో ఉంచుకో, పోలీసులు దారి మూసిన చోట అదే పాస్‌పోర్టు. సిగ్నల్ లైట్లు వెలగని కూడలి ప్రతిదీ నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉన్నట్టే లెక్క. రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉంటే వెనక్కి తిరగండి. ఆరంగుళాల పారే నీరు మనిషిని పడేస్తుంది, అడుగు లోతు చిన్న కారును తేల్చేస్తుంది, రెండడుగులైతే మీ ఎస్‌యూవీ కూడా పోతుంది. కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలీదు కదా.

ఇంటికి చేరాక నీకు చెయ్యి ఆగదు, తాళం తియ్యాలనిపిస్తుంది. ఆగు. ముందు ఇల్లంతా బయటినుంచి చుట్టూ తిరిగి చూడండి. పైకప్పు కుంగిందా, గోడ పగిలిందా, చెట్టు దేనిమీదైనా వాలి ఉందా చూడాలి. నేల మీద తీగ కనిపిస్తే అది కరెంటుదో కేబుల్ టీవీదో కనిపెట్టే పని పెట్టుకోవద్దు. 35 అడుగుల దూరంలో ఆగిపోయి కరెంటు కంపెనీకి ఫోన్ చెయ్యండి. టార్చిలైటు బయటే వెలిగించుకుని లోపలికి వెళ్లండి. మీది గ్యాస్ స్టవ్ కాబట్టి తలుపు తియ్యగానే వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసనగానీ, బుస్సుమనే చప్పుడుగానీ ఉంటే స్విచ్ వెయ్యొద్దు, లోపల్నించి ఫోన్ కూడా చెయ్యొద్దు. వచ్చిన దారినే బయటికొచ్చి దూరం నుంచి ఫోన్ చెయ్యండి. దీపం సంగతి ఇందాక అందుకే అన్నాను. ఇంట్లో అడుగుపెట్టగానే అగ్గిపుల్ల గీసే అలవాటు ఆ రోజుకి మానుకోవాలి.

నీళ్లలో నిలబడి బ్రేకర్ బాక్సు ముట్టుకోవద్దు. ప్లగ్గుల ఎత్తుకు నీరు వచ్చి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వెయ్యనేవద్దు. గ్యారేజీలో వదిలిన ఎలక్ట్రిక్ కారు ఉంది చూశావూ, దాని బ్యాటరీ దాకా నీరు వెళ్లి ఉంటే ఛార్జింగ్ పెట్టడం, స్టార్ట్ చెయ్యడం రెండూ కూడదు. 2022లో ఇయన్ హరికేన్ తర్వాత మీ ఫ్లోరిడాలోనే ఉప్పునీట మునిగిన ఎలక్ట్రిక్ కార్లు రోజుల తర్వాత వాటంతటవే అంటుకున్నాయి. మీది వాన నీరే కావచ్చు, అయినా టోయింగ్ వాళ్లను పిలిచి ఇంటికి 50 అడుగుల దూరంలో పెట్టించండి.

జనరేటర్ అల్లుడుగారు కొన్నారట. మంచిదే. దాన్ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం అవతలి వైపుకు తిప్పి పెట్టాలి. "గ్యారేజీ తలుపు తీసే ఉంచుతాం కదా పెదనాన్నా" అంటావని తెలుసు. తలుపు తీసినా చాలదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేట్టు ఉండడం, అలసట అనుకుని పడుకుంటే అంతే. బెరిల్ అప్పుడు మా హ్యూస్టన్ ఫైర్ డిపార్టుమెంటుకు ఒక్క రోజులోనే ఇలాంటి ఫోన్లు రెండొందలకు పైగా వచ్చాయి. బ్యాటరీతో పనిచేసే అలారం ముప్ఫై డాలర్లుంటుంది, దారిలో కొనుక్కోండి. జనరేటర్ తీగని గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించే తెలివి మాత్రం వద్దు. ఆ కరెంటు వెనక్కి లైను మీదకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌ని చంపుతుంది.

ఇక వంటిల్లు. ఇక్కడ పోట్లాట తప్పదు, మీ అత్తగారు లేనప్పుడే ముగించెయ్యి. కరెంటు పోయి నాలుగు గంటలు దాటితే ఫ్రిజ్‌లో పాలు, పెరుగు, పప్పు, కూర, ఇడ్లీ పిండి అన్నీ చెత్తబుట్టకే. రుచి చూసి తేల్చుకోవడం వద్దు. నిండుగా ఉన్న ఫ్రీజర్, తలుపు తియ్యకపోతే 48 గంటలు ఆగుతుంది, సగం నిండింది 24 గంటలు. వచ్చేసారి ఊరు వదిలే ముందు ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన నాణెం పెట్టి ఫ్రీజర్‌లోనే వదిలెయ్యి. తిరిగొచ్చేసరికి నాణెం అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఆవకాయకి కరెంటుతో పనిలేదు, పై అరలో పొడిగా ఉన్న జాడీ నిశ్చింతగా తినొచ్చు. కింద అరలో వరద నీరు తగిలిన సీసా మాత్రం, మూత ఎంత బిగుతుగా ఉన్నా, పారెయ్యాల్సిందే. ఆ నీళ్లలో డ్రైనేజీ, పురుగుమందు, పెట్రోలు అన్నీ కలిసి ఉంటాయి. మరమూత సందుల్లో చేరింది కడిగితే పోదు. తడిసిన బియ్యం బస్తా కూడా అంతే. విజయవాడ నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన పచ్చడని నాకూ తెలుసు. పారెయ్యి.

కుళాయి నీళ్ల మీద బాయిల్ వాటర్ నోటీసు ఉంటే, బాగా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచి దించాలి. ఫ్రిజ్‌కుండే ఫిల్టరు క్రిముల్ని చంపదు. పాప పాలపొడికి సీసా నీళ్లే వాడు.

తడిసిన చోట 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. అందుకని ఇన్సూరెన్స్ మనిషి వచ్చేదాకా దేన్నీ కదపకూడదనే మాట నమ్మకండి. ముందు ఫొటోలు, వీడియోలు తియ్యండి. గోడ మీద నీటి గీత, ప్రతి గది, ప్రతి వస్తువు, వాటి మోడల్ నంబర్లు, అన్నీ రావాలి. తడిసిన కార్పెట్ నుంచి ఒక ముక్క కోసి దాచండి. ఆ తర్వాత మిగతా తడి సామానంతా తీసి బయట పారెయ్యండి. గోడలకు వేసే షీట్‌రాక్ నీటిని ఒత్తిలా పైకి పీల్చుకుంటుంది, పైకి పొడిగా కనిపించినా వెనకాల ఇన్సులేషన్ తడిసే ఉంటుంది. ఎన్95 మాస్కు, మోచేతుల దాకా గ్లవ్స్, బూట్లు లేకుండా ఆ పని మొదలెట్టకండి. బ్లీచ్ కలిపితే గ్యాలను నీళ్లకు ఒక కప్పు మించకూడదు. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో దాన్ని ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటితే అట్లాంటాలోనే వేయించుకోండి. పైకప్పు ఎక్కడం, చైన్‌సా పట్టడం ఐటీ ఉద్యోగం చేసేవాళ్ల పని కాదని అల్లుడుగారికి నా మాటగా చెప్పు.

డబ్బు విషయం కొంచెం చేదుగా ఉంటుంది. హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టానికి పరిహారం ఇవ్వదు. గాలికి పైకప్పు లేచి పైనుంచి వాన పడితే ఇస్తుంది, అదీ హరికేన్ డిడక్టిబుల్ పోగా. అది ఇంటి బీమా విలువలో శాతంగా ఉంటుంది, నాలుగు లక్షల డాలర్లకు రెండు శాతమంటే మొదటి 8,000 మీవే. ఫ్లడ్ పాలసీ మీకు లేదు. మీ ఇల్లు వరద మ్యాపుల్లో ఎక్స్ జోన్‌లో ఉందని బ్యాంకు అడగలేదు, మీరూ తీసుకోలేదు. ఊరు ఖాళీ చెయ్యమని చెప్పే ఏ, బీ జోన్లు వేరు, ఈ వరద మ్యాపుల జోన్లు వేరు. హార్వీలో మా హ్యారిస్ కౌంటీలో సుమారు 1,54,000 ఇళ్లలోకి నీళ్లొస్తే, వాటిలో మూడింట రెండు వంతులు ఆ మ్యాపుల్లో వరద ప్రాంతంగా గీసిన గీతకు బయట ఉన్నవే.

అందుకని కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ ఫీమా సహాయానికి దరఖాస్తు చెయ్యండి. హెచ్‌-1బీ వీసా వాళ్లకి రాదని మన వాళ్లు చాలామంది అసలు ప్రయత్నించరు. మీ పేరు మీద నగదు సహాయం రాదు, నిజమే. కానీ అమెరికాలో పుట్టిన మైనరు బిడ్డ ఇంట్లో ఉంటే ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చెయ్యొచ్చు. పాప సోషల్ సెక్యూరిటీ కార్డు వెతికి పెట్టుకో. మీ కౌంటీకి డిజాస్టర్ డిక్లరేషన్ వచ్చిన రోజు నుంచి 60 రోజులు గడువు. ఫీమా ఇన్‌స్పెక్టర్ పైసా అడగడు, అడిగినవాడు ఫీమా మనిషి కాడు. ట్రక్కేసుకుని వీధిలో తిరుగుతూ "ఈ రోజు సంతకం పెడితే రేపే పని" అనే కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వకండి. ఫ్లోరిడా లైసెన్సు నంబరు అడిగి, రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే మాట్లాడండి.

ఇదంతా అయ్యాక, ఏసీ నడుస్తుంటే, నీళ్ల నోటీసు ఎత్తేస్తే, అప్పుడు అత్తగారినీ మామగారినీ పాపనీ తీసుకురండి. ఫ్లడ్ పాలసీ కొన్నాక అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది, గాలివాన పేరు టీవీలో వినపడ్డాక కొంటే లాభం లేదు. వచ్చే సీజన్ జూన్ 1న మొదలవుతుంది. ఏప్రిల్ నెలాఖరులోపు మీ పాలసీ కాగితం నాకు పంపాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న