పక్షులకు ఇచ్చిన కౌలు

చెరువులో నీరు చేరితే పొలాలు పండుతాయి. పక్షులు కూడా వచ్చి చేరతాయి. అయితే ఆ పక్షుల వల్లనే పొలాలు మరింత బాగా పండుతున్నాయని గ్రహించి, వాటి రక్షణ కోసం రెండు వందల ఏళ్ళకు పూర్వమే ప్రభుత్వం చేత కాగితం రాయించుకున్న ఊరు ఒకటి ఉంది. అది తమిళనాడులోని వేడందాంగల్.

చెన్నై నగరానికి నైరుతి దిశగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, చెంగల్పట్టు జిల్లాలోని మదురాంతకం సమీపాన ఈ ఊరు ఉంది. ఇంగ్లీషు అక్షరాలలో చూసి కొందరు ఈ పేరును 'వేదాంతం' అనే మాటతో ముడిపెడతారు. అది సరికాదు. తమిళంలో 'వేడన్' అంటే వేటగాడు. మన 'వేట' అనే మాటకు అది చుట్టమే. వేటగాని పల్లె అని కొందరు, వేటగాని చెరువు అని కొందరు ఈ పేరుకు అర్థం చెబుతారు. ఒకప్పుడు జమీందార్లు ఇక్కడికి వేటకు వచ్చేవారట. వేట పేరు పెట్టుకున్న ఊరే పక్షులకు అభయం ఇవ్వడం ఇక్కడి విశేషం.

ఊరి చెరువు పెద్దదేమీ కాదు. దాని విస్తీర్ణం సుమారు 30 హెక్టార్లు, అంటే దాదాపు 74 ఎకరాలు. చెరువులో నీటి మధ్యనే నీటి కడప చెట్లు పెరుగుతాయి. మొదలు నెలల తరబడి నీట మునిగి ఉన్నా ఈ చెట్టు చావదు. ఈశాన్య ఋతుపవనాల వానలతో చెరువు నిండగానే పక్షులు గుంపులు గుంపులుగా వస్తాయి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఈ చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. చుట్టూ నీరు ఉన్నంత కాలం నక్కలు, పిల్లులు చెట్ల దగ్గరకు రాలేవు. ఆ నీరే వాటికి కోటచుట్టూ ఉన్న అగడ్త. చెరువు ఎండిపోతే ఆ రక్షణ పోతుంది. వానలు తప్పిన ఏడు పక్షుల రాక కూడా తగ్గుతుంది.

సూదితోక బాతుల వంటివి ఉత్తర దేశాల నుండి వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికి వస్తాయి. కాని అవి ఇక్కడ గూళ్ళు కట్టవు. చలికాలం గడిపి తిరిగి వెళ్ళిపోతాయి. ఇక్కడ గుడ్లు పెట్టేవి మన దేశపు పక్షులే.

వేలకొద్దీ పక్షుల రెట్ట నీటిలో పడుతుంది. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి. ఇవి పైరుకు బలమిచ్చే పదార్థాలు. చెరువు నీటిని వరిమళ్ళకు పారిస్తే నీటితోపాటు ఎరువు కూడా అందుతుంది. రసాయనిక ఎరువులు లేని ఆ కాలంలో ఇది రైతుకు ఎంత మేలో చెప్పనక్కరలేదు. రసాయన శాస్త్రం చదవకపోయినా ఆ ఊరి రైతులు ఈ సంగతిని పంటను చూసి తెలుసుకున్నారు. అందుకే గూళ్ళున్న చెట్లను నరకలేదు, పక్షులను కొట్టలేదు.

అయితే బయటివారికి ఈ కట్టుబాటు తెలియదు. 18వ శతాబ్దం చివరి నాటికి చెంగల్పట్టు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది. ఆంగ్లేయ సిపాయిలు చెరువు దగ్గరకు వచ్చి తుపాకులతో పక్షులను కాల్చసాగారు. తుపాకి మోతకు బెదిరిన పక్షులు గూళ్ళు వదలి వెళ్ళిపోతే ఆ ఏడు పంట దెబ్బతింటుంది. కంపెనీ సిపాయిని ఎదిరించడం పల్లెవాసులకు సాధ్యమయ్యే పని కాదు. అయినా వారు ఊరుకోలేదు. కలెక్టరు వద్దకు వెళ్ళి మొరపెట్టుకున్నారు.

అప్పటి కలెక్టరు లయొనెల్ ప్లేస్. ఇతడు 1794 నుండి 1798 వరకు అక్కడ పనిచేశాడు. చెరువుల మరమ్మతుల విషయంలో శ్రద్ధ చూపిన అధికారిగా పేరు పొందాడు. చెరువు బాగుంటే పంట పండుతుంది, పంట పండితే కంపెనీకి శిస్తు వస్తుంది. గ్రామస్థుల మొరలో న్యాయముంది, కంపెనీకి లాభమూ ఉంది. 1798 ప్రాంతంలో అతడు వారికి ఒక కౌలు రాసి ఇచ్చాడు. దాని ప్రకారం ఆ చెరువులో పక్షులను ఎవరూ చంపరాదు. వాటిని కాపాడుకునే హక్కు గ్రామస్థులకు లభించింది.

నేడు 'కౌలు' అంటే పొలాన్ని సాగుకు ఇచ్చే ఒప్పందం అనే అర్థమే మనకు తెలుసు. అరబ్బీ భాష నుండి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం 'పలుకు', 'ఇచ్చిన మాట'. ఆ రోజులలో ప్రభుత్వం రాసి ఇచ్చే అభయపత్రాన్ని కూడా కౌలు అనేవారు. మన దేశంలో అడవి పక్షుల రక్షణకు చట్టం వచ్చింది 1887లో. వేడందాంగల్ కౌలు దానికంటే దాదాపు 90 ఏళ్ళు ముందుది.

కలెక్టర్లు మారతారు, పాలన మారుతుంది. పాత కాగితాన్ని కొత్త అధికారి గుర్తించకపోవచ్చు. అందువల్ల గ్రామస్థులు మళ్ళీ అడిగారు. 1858లో, కంపెనీ పాలన ముగిసిన ఏడాదే, వారి హక్కు మరల ఖాయమైంది. 1936లో ఈ చెరువును పక్షి రక్షణ స్థలంగా గుర్తించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1998లో చెరువు చుట్టూ 5 కిలోమీటర్ల మేర ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. పక్షులు రాత్రి గడిపేది చెరువులోనే అయినా, పగలు మేతకు వెళ్ళేది చుట్టుపక్కల మడులకు, గుంటలకు. అవి లేకపోతే చెరువు ఒక్కటే వాటిని బ్రతికించలేదు. 2022లో వేడందాంగల్ అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది.

ఇటువంటి ఊళ్ళు మరికొన్ని ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పులికాట్ సరస్సుకు సమీపాన గల నేలపట్టులోనూ నీటి కడప చెట్లపై గూడబాతులు గూళ్ళు కడతాయి. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో ఇళ్ళ నడుమనున్న చింతచెట్లే వాటికి నెలవు. ఎక్కడైనా చట్టాన్ని పుస్తకంలో రాసేది ప్రభుత్వం. గూటిలోని పిల్లను ప్రతిరోజూ కాచేది మాత్రం ఆ ఊరివారే.

పదాలు - అర్థాలు
అగడ్త = కోట చుట్టూ తవ్విన నీటి కందకం
మొర = బాధ చెప్పుకొని చేసే విన్నపం
శిస్తు = భూమిపై ప్రభుత్వానికి చెల్లించే పన్ను
కట్టుబాటు = ఊరివారు తమకు తాము పెట్టుకున్న నియమం
నెలవు = ఉండే చోటు

అభ్యాసం
1. వేడందాంగల్ రైతులు పక్షులను ఎందుకు కాపాడారు?
2. గ్రామస్థుల మొరను కలెక్టరు మన్నించడానికి గల కారణాలు రాయండి.
3. చెరువును మాత్రమే కాపాడితే చాలదు. ఎందుకు?
4. 'కౌలు', 'ఖాయం', 'శిస్తు' వంటి పరభాషా పదాలు మీ ఇంటి మాటలలో ఏవేవి ఉన్నాయో పెద్దలను అడిగి పట్టిక తయారుచేయండి.
5. మీ ఊరి చెరువుకు ఏ కాలంలో ఏ పక్షులు వస్తాయో గమనించి పది వాక్యాలు రాయండి.