నారు పోసే తేదీని వెనక్కి లెక్కపెట్టు

శ్రీనివాసూ,

కాలవకి నీళ్లొచ్చాకే నారు పోస్తాననీ, ఎప్పుడు పోసినా సాంబమసూరే వేస్తాననీ రాశావు. ఈ రెండూ ఒకచోట కుదరవు. నీళ్లొచ్చిన రోజు నుంచి ముందుకు లెక్కపెట్టడం మన డెల్టాకి అలవాటైపోయింది. నువ్వు మాత్రం పైరు ఏ వారంలో ఈనాలో ముందు తేల్చుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టు. మన బాపట్ల నుంచే 1986లో విడుదలైన ఈ సాంబమసూరి (బీపీటీ 5204) కోతకు రావడానికి సుమారు 150 రోజులు పడుతుంది. వరి ఏ రకమైనా చివరి 65 రోజులు పెద్దగా మారవు: చిరుపొట్ట నుంచి పూతకు 35, పూత నుంచి కోతకు 30. రకానికీ రకానికీ తేడా అంతా అంతకుముందు, పిలకలు వేసే కాలంలోనే. ఆలస్యం రోజులు తగ్గించేదీ అక్కడే. దీర్ఘకాలిక రకాలు పొద్దు తగ్గడాన్ని కొంత పసిగడతాయి కాబట్టి, నెల ఆలస్యంగా పోస్తే నెల ఆలస్యంగా ఈనవు. మధ్యలో కొన్ని రోజులు తగ్గిపోతాయి. ఆ తగ్గిన రోజులు పిలకలవి. తర్వాత యూరియా దండిగా చల్లినా ఆ పిలకలు రావు, సుడిదోమ మాత్రం వస్తుంది.

ఆరుద్ర కార్తెలో పోసిన సాంబ అక్టోబర్ మూడో వారం ప్రాంతంలో ఈని, నవంబర్ మూడో వారానికి కోతకొస్తుంది. ఆశ్లేషలో పోసింది నవంబర్ చివర్లో ఈనుతుంది. అప్పటికి రాత్రిళ్లు చల్లబడి మంచు దిగుతుంది. అగ్గితెగులుకి అసలే లొంగే రకం కదా, మెడవిరుపుకి అంతకన్నా అనువైన కాలం ఉండదు. నష్టం అంతటితో ఆగదు. కోతకు రెండు మూడు రోజుల ముందు పైరులో చల్లే మినుము, నేలలో మిగిలిన పదును మీదే బతకాలి. వరి కోత డిసెంబర్ నెలాఖరుకి జరిగితే ఆ పదునూ తగ్గుతుంది, మినుము చివరి దశ ఎండల్లో పడుతుంది. ఆలస్యానికి రెండో పంట కూడా మూల్యం చెల్లిస్తుందన్నమాట. వరి దిగుబడి ఒక్కటే చూసి లెక్క వేసేవాళ్లు దీన్ని వదిలేస్తారు.

ముందుగా వేస్తే తుపాను నెత్తిన పడుతుందంటావు. అందులో నిజం ఉంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. అయితే మిచాంగ్ తుపాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. తప్పించుకునే తేదీ లేదు. తేదీకన్నా, ఆ రోజుకి చేను ఏ స్థితిలో ఉందన్నది ముఖ్యం. నిలబడి ఉన్న పైరు కొంతైనా దక్కుతుంది. కోసి పనల మీద వదిలింది మొలకెత్తుతుంది. అందుకే పొలమంతా ఒకే రోజుకి పండేలా పెట్టకు, మురుగుకాలవ పూడిక దీపావళికి ముందే తీయించు.

ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీళ్లు తెనాలి దాటి మీ రేపల్లె చివరి భూములకి చేరేసరికి ఎంత ఆలస్యమవుతుందో నాకు తెలియక కాదు ఇదంతా రాస్తున్నది. నీళ్లకోసం కూర్చోకుండా, జూన్, జూలై వానల పదునుకి పొడి విత్తనం వెదపెట్టు. కాలవ వచ్చాక దాన్నే దమ్ము పొలంలా నీళ్లు కట్టి పెంచొచ్చు. నారు పీకి నాటే దెబ్బ ఉండదు కాబట్టి వారం, పది రోజులు ముందే కోతకొస్తుంది. దీనికి మూల్యం కలుపు. విత్తిన ఒకటి రెండు రోజుల్లో, నేల తడిగా ఉండగానే పెండిమిథాలిన్ కొట్టకపోతే ఆ తర్వాత కూలీలతో వేగలేవు. సముద్రం వైపు చౌడు చెక్కలో మాత్రం వెద వద్దు. లేత మొక్క ఉప్పుకి తట్టుకోదు, అక్కడ ముదురు నారే నాటు.

జూలై నెలాఖరుకీ విత్తనం పడకపోతే సాంబ మాట వదిలేసి 120 రోజుల ఎంటీయూ 1010 లాంటిది వేసుకో. డిసెంబర్ మొదటి వారానికి చేతికొచ్చి మినుముకి దారి వదులుతుంది. సాంబకి మిల్లులో ధర ఎక్కువ పలుకుతుందని అంటావు, పలుకుతుంది. కానీ ధరని బస్తాలతో గుణించాలి కదా, ఆపైన మినుము కూడా కలపాలి. అలాగని స్వల్పకాలిక రకాన్ని జూన్‌లోనే వేసి తొందరపడకు, అక్టోబర్ వానల్లో కోతకొచ్చి ఆరబెట్టుకునే చోటుండదు. ఎలాగైనా సాంబే కావాలంటే మాత్రం ఆలస్యపు నాట్లకి చదరపు మీటరుకి 33 కుదుళ్లు చాలవు, 44 వేయించు. ఎలాగూ పిలకలు తగ్గుతాయి కాబట్టి కుదుళ్ల సంఖ్యతోనే ఆ లోటు కొంత పూడాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న