బాహ్యప్రపంచము మనఃకల్పితమా?

కంటి కెదురుగా నున్న స్తంభము చూచువాని మనస్సునకు వెలుపల నున్నదా, లేక అతని జ్ఞానమే స్తంభరూపమున భాసించుచున్నదా? జగత్తు మిథ్యయని వేదాంతము చెప్పగా వినినవారిలో పలువురు, జగత్తంతయు మనస్సులోని యూహయే యని తలంతురు. కాని యట్టి మతమును ఖండించినవారు సాక్షాత్తు శంకరభగవత్పాదులే.

పూర్వపక్షము

బౌద్ధులలో విజ్ఞానవాదులకు బాహ్యార్థము లేదు. జ్ఞాన మొక్కటియే కలదు. వసుబంధుడు వింశతికలో స్వప్నమును దృష్టాంతముగా జూపెను. వస్తువు లేకున్నను కలలో నియతమైన చోట, నియతమైన వేళ దృశ్యములు తోచును గదా! నీలవర్ణమును నీలజ్ఞానమును ఎన్నడును విడిగా దొరకవు గనుక రెండును ఒకటియే యని ధర్మకీర్తి వాదించెను. పాశ్చాత్యులలో బర్క్‌లీ 1710లో, గోచరించుటయే వస్తువుల యునికి యనియు, మానవుడు చూడనపు డవి ఈశ్వరచిత్తమున నుండుననియు చెప్పెను. శామ్యూల్ జాన్సన్ ఒక రాతిని కాలదన్ని, ఆ వాదమును ఖండించితి ననెను. కాని కాలికి దగిలిన గట్టిదనమును అనుభవమే. కావున నది సమాధానము కాజాలదు.

సిద్ధాంతము

బ్రహ్మసూత్రభాష్యమున (2.2.28) శంకరులు సూక్ష్మతరమైన మార్గము నవలంబించిరి. ఎవ్వడును తన జ్ఞానమునే స్తంభమని గ్రహింపడు. స్తంభమును జ్ఞానమునకు విషయముగానే గ్రహించును. 'బాహ్యమువలె తోచుచున్న' దనువాడు బాహ్యమును అంగీకరించినవాడే. ఫలానివాడు గొడ్రాలి కుమారునివలె నున్నాడని యెవడైన ననునా? ఇక జ్ఞానము వస్తువును తెలిపెడి సాధనము. సాధనమును సాధ్యమును కలసి కనబడినంత మాత్రమున నవి యొకటి కావు. ఘటజ్ఞానము, పటజ్ఞానము అనుచోట ఘటపటములు మారుచున్నవి. జ్ఞానము మారుట లేదు. స్వప్నము మేల్కొనగానే బాధిత మగును. జాగ్రద్వస్తువు అట్లు బాధితము కాదు.

అయినచో గౌడపాదులు మాండూక్యకారికలలో స్వప్నజాగరములను సమానముగా జెప్పుట విరుద్ధము కాదా? కాదు. అది పరమార్థదృష్టి, ఇది వ్యవహారదృష్టి. ఘటము దృశ్యము, ఘటమును తలచెడి మనస్సును సాక్షికి దృశ్యమే. బ్రహ్మజ్ఞానము కలిగినపుడు రెండును కలసియే బాధితములగును. ఘటమును త్రోసిపుచ్చి మనస్సును సత్యముగా నిలుపుకొన్నవాడు నడిత్రోవలోనే ఆగినవాడు.

ఫలితము

ఈ విచారణ కేవలము పండితుల వాగ్వాదము గాదు. ఆకలిగొన్నవాడు వాకిట నిలిచినపుడు 'ఇది మిథ్య' యని తలుపు మూసి, తన భోజనవేళను మాత్రము మరువనివాడు అద్వైతి కాడు. తన యాకలి యెంత సత్యమో పరుని యాకలియు నంత సత్యము. ముందుగా మిథ్యయని తెలియవలసినది ఎదుటివాని దుఃఖము గాదు, 'నేను, నాది' యను అభిమానము. అది సడలినకొలది సాధకునకు జగత్తు శూన్యము గాదు, బ్రహ్మమే యని తేటపడును.